షట్టర్లు లేచే వేళకు చేరండి

ప్రశ్న: మా కాలనీ వాళ్లం ఇరవై మందిమి ఆదివారం తెల్లారకముందే బయల్దేరి చార్మినార్ దాకా సైకిళ్ల మీద హెరిటేజ్ రైడ్‌కి వెళ్తుంటాం. మా వల్ల పాతబస్తీలో చేతిపనుల వాళ్లకూ నాలుగు రూపాయలు అందాలని ఉంది. ఏ దారి మంచిది?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: దారి సంగతి తర్వాత, ముందు టైమింగ్ మార్చండి. ఆరున్నరకు ఫొటోలు దిగి, ఇరానీ చాయ్ తాగి వెనక్కి తిరిగితే చాయ్ హోటల్‌కు తప్ప ఇంకెవరికీ పైసా ముట్టదు. చార్మినార్ పక్కనే గాజులమ్మే లాడ్ బజార్‌లో షట్టర్లు లేచేసరికి పదకొండవుతుంది. అప్పటికి మీరు ఇంట్లో రెండో విడత ఇడ్లీ తింటుంటారు!

నేనైతే చార్మినార్‌ను చివరికి పెడతాను. చలికాలంలో ఎనిమిదింటికి గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర కలవండి. కోట తెరవగానే చూసుకుని కార్వాన్ మీదుగా దిగండి. దారిలో 1671 నాటి టోలీ మసీదు వస్తుంది, అక్కడ ఒక పది నిమిషాలు ఆగండి. తర్వాత మూసీ మీది పాత వంతెన, పురానాపూల్. ఇది 1578లో కట్టింది, చార్మినార్ 1591ది. అంటే ఊరి కంటే వంతెనే ముందు పుట్టింది. ఇప్పుడు దాని మీద కూరగాయల అంగడి సాగుతోంది కాబట్టి సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లండి. బెల్లు కొట్టకండి, ఆ తోవ వాళ్లది. అక్కడి నుంచి హుసేనీ ఆలం మీదుగా వెళ్తే లాడ్ బజార్‌లో తేలతారు. మొత్తం పది కిలోమీటర్లు కూడా ఉండదు, కష్టమనిపించదు.

ఇక గాజుల సంగతి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని చెప్పే ముద్ర) వచ్చింది. చుట్టుపక్కల గల్లీల్లో చిన్న చిన్న గదుల్లో చేస్తారు. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను మెత్తబరిచి, పలక మీద దొర్లించి సన్నగా సాగదీసి, వేడి మీదే వంచి అతుకుతారు. ఆ తర్వాత రాళ్లు ఒక్కొక్కటే పొదగాలి. చేయి కాస్త ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది, మళ్లీ సెగ చూపించాల్సిందే. అలాంటి గదిలోకి ఇరవై మంది హెల్మెట్లతో తొంగిచూస్తే పని ఆగిపోతుంది. ముందు రోజే దుకాణదారుతో మాట్లాడుకుని ఐదుగురి చొప్పున వెళ్లండి. ఫోన్ తీసే ముందు అడగండి. కొనేటప్పుడు లక్కవే కావాలని చెప్పండి, అదే వరుసలో మెటల్ గాజులూ వేలాడుతుంటాయి. ఐదు వేల హెల్మెట్ పెట్టుకుని యాభై రూపాయలకు బేరమాడటం నాకైతే నచ్చదు.

శుక్రవారం మాత్రం వద్దు. చౌమహల్లా ప్యాలెస్ మూసి ఉంటుంది, మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ.

ప్రశ్న: పోచంపల్లికి సైకిల్ మీద వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: వెళ్లొచ్చు, కానీ విజయవాడ హైవే మీద లారీల పక్కన తొక్కమని నేను చెప్పలేను. హైవే దిగేదాకా సైకిళ్లను బండిలో వేసుకెళ్లండి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచిన ఊరది. షోరూముల దగ్గరే ఆగిపోకుండా మగ్గం ఉన్న ఇంటికి వెళ్లండి. అక్కడి ఇక్కత్ నేతలో నేయకముందే నూలుకు రంగులద్దుతారు; రంగు అంటకూడని చోట దాన్ని రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. పాత సైకిల్ ట్యూబులు అలా కూడా పనికొస్తాయి! చీర ధర ఎక్కువనిపిస్తే దుపట్టా అడిగి చూడండి.