పదిహేడో సెల్లు

అల్లుడూ,

ఫోన్ టవర్ల బ్యాటరీలు టెస్టు చేసే కాంట్రాక్టు పట్టినావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా వీధిలో నలుగురికీ చెప్పుకున్నా. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

టెర్మినళ్లు తుడిచేది, బోల్టులు బిగించేది, ఉబ్బిన డబ్బాలు పక్కన పెట్టేది నీకు నేను చెప్పాల్నా? నా గుబులు వేరే ఉండాది.

1989 నవంబరు తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది. అప్పటికి నేను టెలిఫోను ఎక్స్ఛేంజీ బ్యాటరీ గదిలో చేరి రెండేళ్లు. వరసగా కలిపిన 24 బ్యాటరీ సెల్లులు, అన్నీ కలిపితే ఒక బ్యాంకు. వారానికోసారి కొలిచి రిజిస్టరులో రాయాలి. పదిహేడోది గోడ మూలన ఉండేది. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పెట్టాలంటే నడుం వంచి చెయ్యి దూర్చాలి, యాసిడ్ చుక్క పడితే ప్యాంటుకు చిల్లే. వోల్టేజీ చూస్తే 2.2. ఇంకేం, పక్కదాని గ్రావిటీనే, అంటే ఆ చిక్కదనం లెక్కనే, దీనికీ ఎక్కించా, పన్నెండొందలని. అట్టా ఎన్ని వారాలు రాశానో! ఛార్జరు మీద ఉన్నంతసేపు ఏ సెల్లయినా ఇనస్పెక్టరొచ్చిన రోజు బడిపిల్లోడి మాదిరి బుద్ధిగానే కనపడద్దిరా.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఆరు గంటలు లాగాల్సిన బ్యాంకు గంటకే చతికిలబడింది. టార్చిలైటు పట్టుకుని మీటరు పెడితే పదిహేడో సెల్లు దగ్గర ముల్లు సున్నా దాటి ఎడమకు పడింది. మిగతావి దాన్ని తిరగేసి ఛార్జి చేస్తుండాయి. బయట చెట్లు విరుగుతుంటే ఊరికి ఫోన్లు లేవు. నన్నెవరూ ఒక్క మాటనలేదు, తప్పంతా తుఫాను ఖాతాలోకి పోయింది. రిజిస్టరులో మాత్రం నా చేతిరాతే.

నీవి సీలు సెల్లులు, హైడ్రోమీటరు దూరదు. అందుకే ఛార్జరు ఆపి లోడు మీదే, అంటే కరెంటు లాగుతూనే చూడు. 600 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాంకయితే 60 ఆంపియర్లు లాగు. గంటగంటకీ ప్రతి సెల్లూ కొలిచి రాయి, చివర్లో ఇంకా తొందరగా. ఒక్క సెల్లు 1.75 వోల్టులు తాకినా ఆపేయ్. పది గంటలు రావాల్సింది ఎనిమిది కూడా రాకుంటే ఆ బ్యాంకుకు నూకలు చెల్లినట్టే, మొహమాటపడొద్దు.

వాయుగుండం మాట చెవిన పడితే టెస్టు జోలికే పోవద్దు. ఖాళీ చేసిన బ్యాంకు నిండేదానికి రాత్రంతా పట్టద్ది, గాలి అప్పటిదాకా ఆగదు.

స్పానర్లకు పిడి దాకా టేపు చుట్టు. ఉంగరం తీసి జేబులో వేసుకో. పెళ్లి ఉంగరమని మీ ఆవిడ అలిగితే ఫోను నాకియ్యి, నేను మాట్లాడతా.

మీ మామ