మెలటోనిన్ సరే, కుక్క అన్ని నీళ్లు ఎందుకు తాగుతోంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా లాబ్రడార్‌కి తొమ్మిదేళ్లు, ఆడది, 30 కిలోలు ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. మూడు వారాలుగా రాత్రిళ్లు పడుకోకుండా ఇల్లంతా తిరుగుతోంది, తలుపు గోకుతోంది. నీళ్లు తెగ తాగి హాల్లో పోసేస్తోందని సాయంత్రం నుంచి గిన్నె తీసేస్తున్నాం. అమెరికా నుంచి మా అమ్మాయి తెచ్చిన, నిద్ర పట్టడానికి వాడే మెలటోనిన్ గమ్మీలు (జెల్లీ మిఠాయిల్లా నమిలేవి) రెండు రోజులు ఒక్కొక్కటి పెట్టాం. తేడా ఏమీ లేదు. డోసు పెంచవచ్చా? దీపావళి టపాసుల భయానికి కూడా ఇవే వాడవచ్చా?

జవాబు: ముందు ఆ నీళ్ల గిన్నె తిరిగి పెట్టేయండమ్మా. ఒంట్లో నీరు నిలవక తాగే కుక్కకి గిన్నె తీసేస్తే ఒక్క రాత్రిలో నీరసించిపోతుంది.

మీరు డోసు అడిగారు. నాకు మాత్రం ఆ నీళ్ల సంగతే భయంగా ఉంది. ఇంతకీ అది నిద్ర పట్టక లేస్తోందా, మూత్రం ఆగక లేస్తోందా? తలుపు గోకుతోందంటే రెండోదేనని నా అనుమానం. కుక్కని చూడకుండా రాస్తున్నాను కాబట్టి అనుమానమనే అంటున్నాను.

చివరిసారి ఎదకు ఎప్పుడొచ్చిందో రాయలేదు. నెలా రెండు నెలల కిందట అయితే మొదట చూడాల్సింది గర్భసంచి. ఆపరేషన్ కాని, వయసు మళ్లిన ఆడకుక్కల్లో ఎద అయిపోయిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పడుతుంది. పయోమెట్రా అంటాం. కింద చీము కారితేనే జబ్బని చాలామంది అనుకుంటారు. గర్భసంచి ముఖం మూసుకుపోతే చుక్క కూడా బయటికి రాదు, ఎక్కువ ప్రమాదం ఆ రకంతోనే. తిండి తగ్గుతుంది, దాహం పెరుగుతుంది, పొట్ట కాస్త బరువుగా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటారు. చాలావాటికి గర్భసంచి తీసేయడమే వైద్యం. త్వరగా తెస్తే ఎక్కువ శాతం కోలుకుంటాయి. వాంతులై, కాళ్లు నిలవని స్థితిలో తెస్తే మేం చేయగలిగింది తగ్గిపోతుంది. మూడు వారాలు ఇప్పటికే పోయాయి.

అది కాకపోతే షుగరు, కిడ్నీ, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోను ఎక్కువయ్యే జబ్బు) చూడాలి. మన వరి చేల మధ్య పెరిగే కుక్కల్లో లెప్టో జ్వరాన్ని కూడా మర్చిపోకూడదు. ఎలుకల మూత్రం కలిసిన బోదె నీళ్లు, చెరువు నీళ్లు తాగితే, వాటిలో తిరిగితే వస్తుంది, కిడ్నీని, లివర్‌ని పట్టుకుంటుంది. మనుషులకీ అంటుతుంది. అందుకని హాల్లో మూత్రం ఉత్త చేతుల్తో తుడవకండి. గ్లౌజులు వేసుకుని బ్లీచింగ్ నీళ్లతో కడగండి. ఏటా వేయించాల్సిన టీకా ఎప్పుడు వేయించారో కార్డు తీసి చూసుకోండి.

ఇక మెలటోనిన్. కుక్కల్లో మేమూ వాడతాం. టపాసుల భయానికి, ముసలితనంలో పగలూ రాత్రీ తారుమారైనప్పుడు, పక్కటెముకల మీద జుట్టు రాలే ఒక రకం జబ్బుకి. 30 కిలోల కుక్కకి సాధారణంగా 3 మిల్లీగ్రాముల మాత్ర సరిపోతుంది, అదీ డాక్టర్ చూశాకే. షుగరు ఉన్నవాటికి, చూలుతో ఉన్నవాటికి, చిన్న పిల్లలకి, ఫిట్స్ మందులు వాడేవాటికి అడగకుండా ఇవ్వకూడదు. మీ కుక్కకి షుగరు లేదని ఇంకా తేలలేదు కాబట్టి ఆపేయండి.

గమ్మీలైతే ఎప్పటికీ వద్దు. కొన్నిటిలో తీపికి జైలిటాల్ కలుపుతారు, సీసా మీద బర్చ్ షుగర్ అని కూడా ఉండొచ్చు. మనకి ఏమీ చేయదు, కుక్కకి విషం. తిన్న అరగంట, గంటలోనే షుగరు పడిపోయి తూలుతుంది, ఫిట్స్ వస్తాయి, మోతాదు ఎక్కువైతే లివర్ దెబ్బతింటుంది. ఇచ్చినా ఏమీ కాలేదు కదా అనకండి, ఇంకో సీసాలో ఇంకేం ఉంటుందో! ఎప్పుడైనా అది తినేస్తే ఉప్పు నీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మన ఇళ్లలో ఇదొక అలవాటు. అయ్యగారి మోకాలి నొప్పికి రాసిన డైక్లోఫెనాక్ సగం విరిచి కుక్క నోట్లో వేయడం, రెండు రోజులకి నల్లగా విరేచనం అవుతోందని పరిగెత్తుకు రావడం. ఐబుప్రొఫెన్ కూడా అంతే. మందు మంచిదే కావచ్చు, కుక్క కడుపుకి, కిడ్నీకి పడదు. ప్రేమతో చేస్తారని తెలుసు, అయినా కోప్పడక తప్పడం లేదు.

రేపు పొద్దున్నే తీసుకెళ్లండి. తొలి మూత్రం దొరికితే శుభ్రమైన సీసాలో పట్టండి. రక్తంలో షుగరు, కిడ్నీ, తెల్లకణాలు చూడమనండి, పొట్ట స్కాన్ తప్పనిసరిగా అడగండి. మీ దగ్గర స్కాన్ లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీకి వెళ్లొచ్చు. ఆపరేషన్ పడే అవకాశం ఉంది కాబట్టి పొద్దున తిండి పెట్టకండి, నీళ్లు మాత్రం ఆపొద్దు. ఈలోగా వాంతులైనా, లేవలేకపోయినా తెల్లారేదాకా ఆగకండి. టపాసుల సంగతి రిపోర్టులు వచ్చాక చూద్దాం.