నిన్నటిదాకా తోటివాళ్లు, ఇవాళ మన షిఫ్ట్‌లో మనుషులు: మంచి బాస్ అవ్వాలంటే?

కొత్తగా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయ్యానని, నిన్నటిదాకా కలిసి పనిచేసినవాళ్లే మాట వినడం లేదని రాశారు. నేను మాత్రలు తయారుచేసే ఫార్మా కంపెనీలో, పొడిని మెషీన్‌లో నొక్కి మాత్రలుగా చేసే కంప్రెషన్ సెక్షన్‌లో చాలా ఏళ్లుగా ఇన్‌ఛార్జ్‌గా ఉన్నాను. వాళ్లు మాట వింటున్నారా లేదా అన్నదానికంటే ముందు ఒకటి చూసుకోండి. ఏదైనా తేడా జరిగితే ఆ సంగతి మీదాకా ఎంత త్వరగా వస్తోంది?

మా దగ్గర మెషీన్ నడుస్తుండగానే మధ్యమధ్యలో 20 మాత్రలు తీసి తూచి, బ్యాచ్ రికార్డులో రాయాలి. 250 మిల్లీగ్రాములు, ఆపైన ఉండే మాత్రలైతే ఆ 20లో రెండింటికి మించి సగటు బరువు నుంచి 5 శాతం దాటి పోకూడదు. బాస్ అంటే హడలిపోయే ఆపరేటర్ తేడా కనబడగానే మెషీన్ గుట్టుగా సరిచేసుకుని, కాగితం మీద మంచి అంకె రాసేస్తాడు. ఆ మాత్ర మింగేది ఎవరో రోగి.

ఓ రాత్రి షిఫ్ట్‌లో ఒక కుర్రాడు మెషీన్ ఆపేసి వచ్చాడు. "సార్, బరువు పడిపోతోంది, ఎప్పట్నుంచో తెలీదు" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. "కిందటిసారి తూచినప్పుడు బాగానే ఉందా?" అని అడిగాను. ఉందన్నాడు. అప్పట్నుంచి వచ్చిన మాత్రలన్నీ వేరే డబ్బాలోకి తీసి, లేబుల్ వేసి, క్వాలిటీ వాళ్లకు ఫోన్ చేశాం. మెషీన్ పైన పొడి పోసే గరాటులాంటి హాపర్‌లోంచి పొడి సరిగా దిగడం లేదని తేలింది. పొద్దున మీటింగ్‌లో మేనేజర్ ముందు, మెషీన్ ఆపింది ఇతనేనని పేరు పెట్టి చెప్పాను. ఆ తర్వాత మిగతావాళ్లు కూడా చిన్నచిన్న తేడాలు వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. టయోటా ఫ్యాక్టరీల్లో తేడా కనిపిస్తే కార్మికుడే తాడు లాగి లైన్ ఆపించవచ్చు. తాడు ఎవరైనా కట్టించగలరు. లాగినవాణ్ణి మర్నాడు ఎలా చూస్తారన్నది మీ చేతిలో ఉంది.

పాత స్నేహితుల దగ్గర పిలుపులు మార్చకండి. నాకంటే పెద్దవాళ్లను ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాను, టీకి కలిసే వెళ్తాను. డ్యూటీ చార్ట్ దగ్గర మాత్రం మొహమాటం ఉండకూడదు. సంక్రాంతికి అందరికీ ఊరెళ్లాలనే ఉంటుంది. అందుకే డిసెంబరు మొదట్లోనే చార్ట్ రాసి గోడకు అంటిస్తాను. కిందటి పండక్కి డ్యూటీ చేసినవాళ్లకు ఈసారి సెలవు ముందు. మార్చుకోవాలంటే ఇద్దరూ మాట్లాడుకుని, ఇద్దరూ వచ్చి చెప్పాలి. మీకు దగ్గరివాణ్ణి భోగికి ఊరు పంపించి ఇంకొకరిని ఆపేశారంటే ఏడాది పొడుగునా అదే మాట నడుస్తుంది.

ఓవర్‌టైమ్‌కు చట్టప్రకారం రెట్టింపు జీతం రావాలి. ఆ స్లిప్ మీద అదే రోజు సంతకం పెట్టండి. జీతంలో అది తగ్గి, మనిషి హెచ్ఆర్ చుట్టూ తిరుగుతుంటే మీరు చెప్పే మంచి మాటలేవీ చెవికెక్కవు.

మందలించాల్సి వస్తే పక్కకు పిలిచి, జరిగిన పని గురించే మాట్లాడండి. సేఫ్టీ దీనికి మినహాయింపు. నడుస్తున్న మెషీన్‌లో చెయ్యి పెట్టేవాణ్ణి చూస్తే ఎంతమంది ఉన్నా అక్కడికక్కడే గట్టిగా ఆపుతాను.

షిఫ్ట్ ఎక్కగానే, కుర్చీలో కూర్చోకముందే లైన్ అంతా ఒకసారి తిరగండి. "అంతా ఓకేనా?" అంటే "ఓకే సార్" అనే వస్తుంది. "నిన్నట్నుంచి ఏ మెషీన్ ఇబ్బంది పెడుతోంది?" అని అడగండి. చెప్పినదాన్ని గుర్తుపెట్టుకుని, మర్నాడు అదే మనిషి దగ్గరకు వెళ్లి ఏమైందో చెప్పండి, పని ఇంకా కాకపోయినా సరే. మెయింటెనెన్స్ వాళ్లు గురువారం వస్తామన్నారంటే, గురువారం అని చెప్పండి.