ఆదివారం రాత్రి ప్రయాణం మార్చి చూడండి

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మావారి ఉద్యోగం హైదరాబాద్ కొండాపూర్‌లో. నెలకు రెండుసార్లు శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి వెళతారు. రెండువైపులా విమానమే. టికెట్టు, క్యాబులు కలిపి ఒక్కో వైపుకు 6,100 రూపాయలవుతోంది. రైల్లో థర్డ్ ఏసీ, ఆటోలు కలిపి 1,500తో అయిపోతుంది. ‘విమానం గంటా పావు, రైలు పన్నెండు గంటలు’ అంటారాయన. మూడేళ్లలో ఫ్లాటుకు ముందుగా కట్టాల్సిన సొమ్ము కూడబెట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు: మీవారు చెప్పిన గంటా పావు నిజమే అమ్మా. విమానం తూర్పు కనుమలు దాటి తిన్నగా పడమరకు వెళుతుంది కాబట్టి దూరం సుమారు 500 కిలోమీటర్లే. రైలు రాజమండ్రి, విజయవాడ చుట్టి వెళ్లాలి. దాదాపు 700 కిలోమీటర్లు. అయితే మనిషి విమానాశ్రయంలో కాపురం ఉండడు కదా! లెక్క మీ గుమ్మం నుంచి ఆయన గది గుమ్మం దాకా వేయాలి.

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు విమానం అనుకోండి. రెండు గంటల ముందు అక్కడుండాలంటే ఏడింటికే ఇల్లు కదలాలి. పదకొండుంపావుకు శంషాబాద్‌లో బయటపడితే, కొండాపూర్ చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అంటే అయిదుంపావు గంటలు, అన్నీ మెలకువగానే. రాత్రి ఎనిమిది దాటాక బయలుదేరే రైలుకైనా ఇంచుమించు అదే వేళకు ఇల్లు కదలాలి. దువ్వాడలో ఆగే రైలైతే విశాఖ స్టేషను దాకా వెళ్లే పని కూడా లేదు. పిల్లలతో గడిపే సమయం ఒక్క నిమిషం తగ్గదు, ఆయన బెర్తు మీద నిద్రపోతారు. సికింద్రాబాద్‌లో దిగాక ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టుకుంటే హఫీజ్‌పేట మీదుగా కొండాపూర్ దగ్గరే. ఇబ్బందల్లా సోమవారం ఉదయం రైలు ఆలస్యమైతేనే. నెలకు ఆ రెండు సోమవారాలు కాస్త ఆలస్యంగా వస్తానని ఆఫీసులో ముందే మాట్లాడుకోమనండి.

శుక్రవారం విమానాన్ని మాత్రం ముట్టుకోవద్దు. వారమంతా పనిచేసి అలసిన మనిషి ఆ రాత్రే ఇంట్లో పడుకోవడానికి, తెల్లారగానే పిల్లలు నాన్నను చూడడానికి పెట్టే ఖర్చు అది. నేనైతే దాన్ని దుబారా అనను.

ఒక్కో ఆదివారం 4,600 చొప్పున నెలకు 9,200 మిగులుతుంది. ఆయన జీతం పడిన మర్నాడే అది మీ పేరిట బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా పెట్టండి. మూడేళ్లకు వడ్డీ కాకుండానే 3,31,200. గడువు దగ్గర్లో ఉన్న సొమ్ము కనుక షేర్ల జోలికి పోవద్దు. మీకు కావలసిన మొత్తానికి ఇది చాలకపోవచ్చు, కానీ ఇంట్లో ఎవరి సుఖాన్నీ తగ్గించకుండా వచ్చే డబ్బు.

రైలు రిజర్వేషన్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. రెండు నెలల ఆదివారాలు క్యాలెండరులో గుర్తుపెట్టుకుని, తెరిచిన రోజే బెర్తు తీసుకోండి. సంక్రాంతి తిరుగు ప్రయాణానికైతే నవంబరు నడిమికే సిద్ధంగా ఉండాలి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని కబురొస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, దొరికిన విమానం ఎక్కమనండి.