సిమెంటు దుమ్ముకు అర్జీ ఎవరికి పెట్టాలి – సమాధానం

సిమెంటు దుమ్ముపై మీరు పెట్టిన అర్జీ ఎందుకు తిరిగొచ్చిందని అడిగారు కదా. కేంద్రం ఇచ్చేది, రాష్ట్రం ఇచ్చేది రెండు అనుమతుల్ని ఒకే అర్జీలో కలిపేశారు, అందుకే. ఎర్రగుంట్ల దగ్గర మీ శనగ చేలో ఫ్యాక్టరీ దుమ్ము పడుతోందంటే ఢిల్లీ వాళ్ళు రాష్ట్రాన్ని అడగమన్నారు, ఇక్కడివాళ్ళు కేంద్రం అనుమతి అన్నారు. ఇద్దరూ సగం నిజమే చెప్పారన్నా.

ఏడాదికి 10 లక్షల టన్నులు, ఆపైన తీసే సిమెంటు ఫ్యాక్టరీకి 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి ఇచ్చేది కేంద్రం. నడపడానికి సమ్మతి, 1981 వాయు చట్టం కింద తనిఖీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలివి.

1. అందరూ వదిలేసేది ఇదే: పరివేష్ పోర్టల్‌లో (పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే వెబ్‌సైట్) ఆ ఫ్యాక్టరీ అనుమతి లేఖ డౌన్‌లోడ్ చేసుకొని, ఏ షరతు తప్పారో నంబరుతో సహా రాయండి. ఉత్త 'దుమ్ము పడుతోంది' అంటే పక్క ఆఫీసుకు తోసేస్తారు, నేనూ రెండుసార్లు అట్లే తిరిగాను. జూన్ 1, డిసెంబర్ 1కి షరతులు ఎలా పాటిస్తోందో కంపెనీ ఇవ్వాల్సిన రిపోర్టు కూడా చూడండి. నీళ్ళు చల్లుతున్నామని అందులో ఉంటే, దుమ్ము పడుతోందని చూపే, తేదీ ఉన్న ఫోటో జతచేయండి.
2. షరతు తప్పిన సంగతి విజయవాడలోని కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి. గాలి శాంపిల్ తీయమని కడపలో మండలి ఆఫీసుకు. అర్జీలు వేర్వేరుగా.
3. కదలకపోతే చెన్నైలోని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్, పర్యావరణ కేసులు వినేది) బెంచికి వెళ్ళండి. మామూలుగా 6 నెలల గడువే, ఆలస్యం చేయకండి.