అమెరికాలో అకౌంటింగ్, ఫైనాన్స్ కొలువులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఓ అమెరికన్ కంపెనీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. మూడేళ్ల బీకాం, ఆపైన సీఏ పూర్తయ్యాయి. అమెరికా వెళ్లే అవకాశం కనిపిస్తోంది. మన సీఏ అక్కడ చెల్లుతుందా? సీపీఏ (అమెరికాలో అకౌంటెంట్ లైసెన్సు పరీక్ష) రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: సీఏ చదువు అక్కడి పనిలో అడుగడుగునా అక్కరకొస్తుంది గానీ లైసెన్సుగా చెల్లదు. కెనడా, ఆస్ట్రేలియా అకౌంటెంట్లకు ఉన్నట్టు మన సీఏ అర్హత ఇచ్చే ఐసీఏఐకి అమెరికాతో పరస్పర గుర్తింపు ఒప్పందం లేదు. సీపీఏ పరీక్ష మొత్తం రాయాల్సిందే.

చాలామంది ముందు కోచింగ్ ఫీజు కట్టేసి, తర్వాత అర్హత సంగతి చూసుకుంటారు. మీరు అలా చేయకండి. సీపీఏ లైసెన్సు ఇచ్చేది ఒక్కో రాష్ట్రపు బోర్డు కాబట్టి, మొదట ఏ రాష్ట్ర బోర్డు ద్వారా రాయాలో తేల్చుకోండి. ఆ బోర్డు ఒప్పుకునే సంస్థకే మీ మార్కుల పత్రాలు మూల్యాంకనానికి పంపండి. పరీక్షకు చాలా రాష్ట్రాల్లో 120 క్రెడిట్లు (అక్కడి యూనివర్సిటీలు చదువును కొలిచే యూనిట్లు) చాలు, లైసెన్సుకు మామూలుగా 150 కావాలి. మూడేళ్ల బీకాం సాధారణంగా 90 దగ్గరే ఆగిపోతుంది. సీఏకి ఎన్ని క్రెడిట్లు వేస్తారన్నది ఒక్కో సంస్థ దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఒహాయోతో మొదలుపెట్టి కొన్ని రాష్ట్రాలు 150కి బదులు డిగ్రీ, రెండేళ్ల అనుభవం ఉన్నా చాలంటూ చట్టాలు చేశాయి. ఆ దారి మీకు కలిసొస్తుందేమో చూడండి. దరఖాస్తుకే సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగే రాష్ట్రాలను మాత్రం ఇప్పటికి పక్కన పెట్టండి.

మనవాళ్లకు ఎక్కువగా తలనొప్పి తెచ్చేది పేరు. డిగ్రీ పట్టాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, సీఏ సర్టిఫికెట్‌లో వెనకా ముందూ అవుతుంది. పరీక్షకు ఇచ్చే అనుమతి పత్రంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తేడా వస్తే సెంటర్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు, కట్టిన ఫీజూ పోతుంది. దరఖాస్తులో పాస్‌పోర్టు పేరే రాయండి. పట్టాలో తేడా ఉంటే మూల్యాంకనం దశలోనే అఫిడవిట్ ఇచ్చేయండి.

2024 నుంచి పరీక్ష తీరు మారింది. ఆడిటింగ్, ఫైనాన్షియల్ అకౌంటింగ్, టాక్సేషన్ అందరికీ తప్పనిసరి. వీటికి తోడు మూడు ఐచ్ఛికాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒక్కో పేపరు నాలుగు గంటలు, గట్టెక్కాలంటే స్కోరు 75 రావాలి. మొదటి పేపరు పాసయ్యాక మిగతావాటికి ఇప్పుడు చాలా రాష్ట్రాలు 30 నెలలు ఇస్తున్నాయి. ఇదివరకు 18 నెలలే. హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది కాబట్టి ప్రయాణానికి ముందే ముగించండి. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, ఇల్లు వెతుక్కోవడం మధ్య ఫైనాన్షియల్ అకౌంటింగ్ పేపరు చదవడం చాలా కష్టం. అన్నట్టు, పరీక్ష పాసైనంత మాత్రాన పేరు పక్కన సీపీఏ అని రాసుకోకూడదు. లైసెన్సు ఉన్న సీపీఏ ధ్రువీకరించిన అనుభవం, మామూలుగా ఏడాది, చూపించి లైసెన్సు తీసుకున్నాకే ఆ హక్కు వస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఎంఎస్ ఫైనాన్స్ సీటు వచ్చింది. చదువయ్యాక మూడేళ్లు పనిచేసుకోవచ్చని ఏజెంటు అంటున్నాడు, నిజమేనా? (విద్యార్థిని, గుంటూరు)

జవాబు: కోర్సు పేరు చూసి నమ్మకండి, ఐ-20లో (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) ఉండే సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ విభాగమో చెప్పే నంబరు, చూడండి. 52.0801 అని ఉంటే అది మామూలు ఫైనాన్స్, ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) 12 నెలలే. ఫైనాన్షియల్ అనలిటిక్స్ కోడ్ 30.7104 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంది, దానికి మరో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. ఆ తేడాతో హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాటరీ అవకాశాలు ఒకటికి మూడు కావచ్చు. డిపాజిట్ కట్టేముందే యూనివర్సిటీకి మెయిల్ రాసి కోడ్ రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇంకొకటి: ఓపీటీ మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే.

ప్రశ్న: షార్లెట్‌లో బ్యాంకు ఉద్యోగం, హెచ్-1బి. టాక్స్ సీజన్‌లో తెలిసినవాళ్లకు టాక్స్ రిటర్నులు చేసిపెట్టి కొంత తీసుకోవచ్చా? మా తెలుగు సంఘం కోశాధికారిగా ఉండమంటున్నారు. ఇండియాలో మ్యూచువల్ ఫండ్ సిప్‌లు కూడా నడుస్తున్నాయి.

జవాబు: డబ్బు తీసుకుని రిటర్నులు చేయడం కుదరదు. మీ హెచ్-1బి ఆ బ్యాంకు పనికే పరిమితం. స్నేహితుడు జెల్ యాప్‌లో పంపే 50 డాలర్లు కూడా అనుమతి లేని పని కిందికే వస్తాయి. ఆ సరదా ఉంటే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నడిపే వీటా స్వచ్ఛంద కార్యక్రమంలో చేరండి. ఆన్‌లైన్ పరీక్షలో 80 శాతం తెచ్చుకుంటే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా రిటర్నులు చేసిపెట్టవచ్చు.

కోశాధికారి పదవి జీతం లేనిదైతే వీసాకు అడ్డం రాదు. కానీ మీది ఫిన్రా (బ్రోకరేజీ సంస్థల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న ఉద్యోగమైతే, బయటి సంస్థలో ఏ పదవి చేపట్టినా ముందే బ్యాంకుకు రాసివ్వాలి. బయట ఉన్న బ్రోకరేజీ ఖాతాలకు బ్యాంకు రాతపూర్వక అంగీకారం కావాలి, మీ శ్రీమతి పేరున ఉన్నవాటికి కూడా. తెలియక చేశామంటే కంప్లయన్స్ వాళ్లు (బ్యాంకులో నిబంధనల అమలు చూసేవాళ్లు) వినరు.

సిప్‌లు ఆపేయమనే మా సలహా. మన మ్యూచువల్ ఫండ్లను అమెరికా పీఫిక్‌గా (పన్ను నిబంధనలు కఠినంగా ఉండే విదేశీ పెట్టుబడి సంస్థగా) లెక్కిస్తుంది. ఒక్కో ఫండుకూ ఒక్కో 8621 ఫారం నింపాల్సి రావచ్చు. వేరే పద్ధతి ఎంచుకోకపోతే, అమ్మినప్పుడు లాభాన్ని ఉంచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, గడిచిన ఏళ్ల వాటా మీద గరిష్ఠ రేటుతో పన్ను, దానిమీద వడ్డీ వేస్తారు. నేరుగా కొన్న కంపెనీ షేర్లకు సాధారణంగా ఈ బెడద లేదు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల ఫారం) దాఖలు చేయాలి. సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా (ప్రవాసుల ఖాతాగా) మార్చుకున్నారో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: మా వారు టాక్స్ సంస్థలో చేస్తారు. సంక్రాంతికీ ఉగాదికీ ఇంట్లో ఉండరు. నేను బీకాం చదివి హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబ వీసా) మీద ఖాళీగా ఉన్నాను. ఇండియాకు ఎప్పుడు వెళ్లొచ్చు? నేను పనిచేయవచ్చా? (న్యూజెర్సీ పాఠకురాలు)

జవాబు: జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా ఆ వృత్తిలో ఎవరికైనా అంతే. మార్చి 15న భాగస్వామ్య సంస్థల గడువు, ఏప్రిల్ 15న వ్యక్తులది, మళ్లీ పొడిగింపుల వాళ్లకు సెప్టెంబరు 15, అక్టోబరు 15. ఇండియా ప్రయాణం మే, జూన్ నెలల్లోనో అక్టోబరు 15 దాటాకో పెట్టుకోండి. దీపావళి చాలా ఏళ్లు ఆ గడువు తర్వాతే వస్తుంది.

మీ వారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం సంస్థ వేసే పిటిషన్) ఆమోదం అయితే మీరు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయవచ్చు. అంతవరకూ చదువుకోవడానికీ సీపీఏ రాయడానికీ హెచ్-4 అడ్డు కాదు. ఆయన పనిగంటలు తక్కువుండే కంపెనీ అకౌంటింగ్‌కు మారాలనుకుంటే ఐ-140 వచ్చి 180 రోజులు దాటేదాకా ఆగమనండి. ఆ తర్వాత పాత సంస్థ పిటిషన్ వెనక్కి తీసుకున్నా, గ్రీన్ కార్డు వరసలో ఆయన తేదీ, మీ పర్మిట్‌కు ఆధారం రెండూ నిలుస్తాయి. కొత్త సంస్థ మాత్రం గ్రీన్ కార్డు ప్రక్రియను మళ్లీ మొదటినుంచి నడపాలి. దానికి ఒప్పుకుంటారో లేదో ఆఫర్ సంతకానికి ముందే అడిగి ఈమెయిల్‌లో తెప్పించుకోమనండి.