ఎద్దుల్ని అమ్మే ముందు రాత్రి

అనంతపురం

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ముంగారు ముఖం చాటేయడం, చెనిక్కాయ చెట్టు ఊడలు దిగకముందే వాడిపోవడం, ఎద్దుల బేరం, అన్నీ పక్కన నిలబడి చూసినట్టు రాశావు. నాలుగో పేజీలో మాత్రం నా బండి ఆగిపోయింది. ‘ఆ రాత్రి అతని మెదడు డేటా మొత్తం ప్రాసెస్ చేసింది. భయాన్ని డిలీట్ చేసింది. తెల్లారేసరికి అమ్మేయాలనే అవుట్‌పుట్ వచ్చింది.’ పగలంతా బెంగళూరులో కోడ్ రాసేదానివి కదా, చేతికి అలవాటైన మాటలే వచ్చినట్టున్నాయి.

మనసు ప్రోగ్రామ్ లాంటిదనే ఆలోచనను నేను తీసిపారేయడం లేదు. 1936లో ట్యూరింగ్ అనే ఇంగ్లండు గణిత శాస్త్రవేత్త, కంప్యూటర్ ఆలోచనకు మూలమైన తన యంత్రాన్ని ఊహించినప్పుడు, కాగితమూ పెన్సిలూ పట్టుకుని లెక్క చేసే మనిషినే నమూనాగా పెట్టుకున్నాడు. అప్పట్లో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే ఉద్యోగి. మనిషిని చూసి యంత్రాన్ని ఊహించారు, ఇప్పుడు యంత్రాన్ని చూసి మనిషిని వర్ణిస్తున్నాం. 1960లలో హిలరీ పట్నం అనే అమెరికా తత్వవేత్త ఈ పోలికను గట్టిగా నిలబెట్టాడు. 1988లో అది సరిపోదని తనే రాశాడు. రాసిన మాటను వెనక్కి తీసుకునే ధైర్యం నాకైతే ఇంతవరకు రాలేదు.

నాకీ పోలిక మీద అనుమానం పుస్తకాల వల్ల రాలేదు. చిన్నప్పుడు మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. ఆమె ఇంటి మాట కన్నడం, చదువు రాదు. కూతుర్ని కర్ణాటకలోని పావగడ వైపు ఇచ్చారు. అక్కడి నుంచి ఉత్తరం వస్తే నన్ను పిలిచేది. నాకు కన్నడం ముక్క రాదు. కానీ ఆ అక్షరాలు మనవాటికి దగ్గర చుట్టాలే కదా, కూడబలుక్కుని చదివేసేవాణ్ణి. ఒకరోజు వాళ్ల అరుగు మీద కూర్చుని అలాగే గడగడా చదువుతుంటే అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చదివింది నేను. ఏం చదివానో తెలియనిదీ నాకే.

చాలా ఏళ్ల తర్వాత జాన్ సెర్ల్ అనే మరో అమెరికా తత్వవేత్త 1980లో చెప్పిన చైనా గది ఉదాహరణ చదివితే ఆ అరుగే గుర్తొచ్చింది. చైనా భాష రాని మనిషిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఏ గుర్తు వస్తే ఏ గుర్తు బయటికి పంపాలో రాసిన నియమాలు చేతికిస్తారు. జవాబులన్నీ సరిగ్గానే వస్తాయి, అతనికి మాత్రం ఒక్క ముక్కా అర్థం కాదు. ప్రోగ్రామ్ చేసేదీ ఇంతేనంటాడు సెర్ల్. ఆ మనిషికి రాకపోయినా గది మొత్తానికి చైనా భాష వచ్చినట్టేనని కొందరు ఎదురు వాదించారు. ఆ లెక్కన నేనూ, ఆ ఉత్తరమూ, అరుగూ కలిసి కన్నడం నేర్చేసుకున్నట్టే!

నువ్వు రాసిన ఆ మూడు వాక్యాలు నా చదువు లాంటివే. రైతు ఏం తేల్చుకున్నాడో చెబుతాయి, కొంగు నోట్లో కుక్కుకోవు.

ఇంకొకటి, డిలీట్ అన్నావే. మన జ్ఞాపకం ఫైలు కాదు తల్లీ. 1932లో బార్ట్‌లెట్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రయోగాల సంగతి ప్రచురించాడు. ఇంగ్లండులో కొందరికి ఎక్కడో అమెరికా ఆదివాసుల కథ చదవడానికిచ్చి, కొన్నాళ్లు ఆగి మళ్లీ మళ్లీ చెప్పించాడు. కథ చిక్కిపోయింది, తెలియని వస్తువులు తెలిసినవిగా మారిపోయాయి. నేను నీకు చెప్పిన అవ్వ కథ కూడా అంతే. ఆమె కొంగు రంగు ప్రతిసారీ ఒకటే గుర్తొస్తుందని ఒట్టేయలేను. నీ రైతుకు ఆ రాత్రి ఎద్దుల్ని కొన్న రోజు ఎలా గుర్తొచ్చిందో, అందులో ఏది పెరిగి ఏది తరిగిందో రాయి.

ఆ మాటల్ని కథలోంచి పూర్తిగా తీసేయమనడం లేదు. ఫోనులో కొడుకు ‘టెన్షన్ పడకు నాయనా, లెక్క చూసుకో’ అంటాడు కదా, వాడి నోట్లో పెట్టు, అతుకుతాయి. తండ్రి నిద్రపట్టక లేచి గాటిపాటకు పోతాడు. రేపు పోయే ఎద్దులకు ఈ రాత్రి ఎంత మేత వేస్తాడు? రోజూ వేసినంతేనా, ఇంకాస్తనా? వేస్తూ వాటి ముఖం చూస్తాడా?

ఆ ఒక్క పేజీ తిరగరాసి పంపు. అన్నట్టు, ఎద్దుల పేర్లు కథలో ఎక్కడా లేవు. వాటిని ఏమని పిలుస్తాడో మీ నాయనను అడుగు.